మా మామ సాష్టాంగం

మా మామ పోయి ఏడాది తిరక్కముందే ఆయన్ని సగం సామిని చేసేసినారు.

ఆ మధ్య కోవిల్‌పట్టి బస్టాండు పక్కన పూలు కొంటా ఉంటే, పూలమ్మే ఆమె నన్ను ఇంకో ఆమెకి చూపించి అరవంలో చెప్తా ఉండాది: "ఈమె మామగారే, పెరుమాళ్ళ ముందర బోర్లా పడుకోని, తల ఎత్తి ఎత్తి సామిని చూస్తా ఉండె, ఆ పెద్దాయన." ఆ రెండో ఆమె గబుక్కున నా చేతులు పట్టుకోని కళ్ళకి అద్దుకునింది. నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టయింది. చేతులు లాక్కోలేను, అట్లే ఉంచలేను. మల్లెపూలు తీసుకోకుండానే ఇంటికొచ్చేసినాను.

అది బక్తి కాదండీ. నడుము నొప్పి. మా మామకి వెన్ను కింద భాగంలో ఏళ్ళ తరబడి నొప్పి. దానికి చెయ్యమన్న కసరత్తును గుళ్ళో చేసినాడు, అంతే. ఈ సంగతి ఊళ్ళో నాకొక్కదానికే తెలుసని అనుకుంటా ఉంటిని.

మనిషి ఎట్లుండేవాడంటే, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. నల్లరేగడి చేనిలో పత్తీ మిరపా పండించిన ఒళ్ళు. మిరపకాయల మూటని ఒంటిగా ఎత్తి బండి మీదికి వేసేవాడంట. ఆ "అంట" ఎందుకంటే నేను కోడలుగా వచ్చేసరికి ఎత్తడం మానేసినాడు, చెప్పడం మాత్రం మానలేదు. నొప్పి అనే మాటే ఆయన నోట్లో నుంచి రాదు. కుర్చీలో కూచునేటప్పుడు "గోవిందా" అంటాడు, లేచేటప్పుడు "నారాయణా" అంటాడు, చెప్పులు వేసుకోను వంగితే "రంగా రంగా" అంటాడు. చూసినోళ్ళు ఏమనుకుంటారు? ఎంత సామిబక్తి అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. నొప్పి ఎక్కువైన దినం ఆయన నోట సామి పేర్లు కూడా ఎక్కువవుతాయని తరువాత కదా తెలిసింది.

పైగా ఎవురికైనా నడుము నొప్పంటే నవ్వుతాడు. ఎదురింటి కోడలు మంచం పట్టిందని విని, అన్నం తింటా తింటా, "ఈ కాలం ఆడోళ్ళకి నడుము పేరుకే ఉండాది. మీ అత్తని చూడు. దానిది ఇనుము" అన్నాడు. మా అత్త వంటింటి వాకిలి కొయ్యకి ఆనుకోని, గరిటె పట్టుకోని నిలబడి ఉండాది. ఆమె ఎప్పుడూ అట్లే నిలబడుకుంటుంది. కూచోమంటే "సుమ్మా ఉండు, ఊరికే ఉండు, కూచుంటే లేచేదెవురు" అంటుంది. ఏడాదికొకసారి ఆ కొయ్యకి పెయింటు కొట్టిస్తాము, కొన్నాళ్ళకే నడిమికి ఒక చోట పెయింటు పోతుంది. నేను పెయింటర్ని తిట్టేదాన్ని.

ఆ మాట అన్న దినానికి నాకు రెండో కానుపై కొన్నేళ్ళయింది. పిల్లని చంకనేసుకోని, బిందె ఎత్తి, వంగి ఊడ్చి, నా నడుములో ఎవురో మేకు దించినట్టు ఉంటా ఉండె. పొద్దున లేచి నిలబడాలంటే గోడ కావాల. కానీ ఇనుము నడుము అత్త ముందర, ఆ మామ నవ్వు ముందర, నడుము నొప్పని నేనెట్ల చెప్పేది? మా ఇళ్ళల్లో పగటిపూట కోడలు పడుకుంటే ఒకటి నెల తప్పి ఉండాల, లేదంటే సోమరిపోతు అయి ఉండాల. నేను రెండూ కాదు.

కోవిల్‌పట్టిలో చూపించుకుంటే సాయంత్రానికి ఇంటికి తెలిసిపోతుంది. అందుకని విరుదునగర్‌లో మా అక్క ఉండాది కదా, అక్కకి ఒంట్లో బాగలేదని చెప్పి బస్సెక్కినాను. అక్క రాయి మాదిరి ఉండాది, పాపం, ఆమె మీద ఎన్ని జబ్బులు వేసినానో. అక్కడ కండరాలకి కసరత్తులు నేర్పే చిన్న ఆస్పత్రి. పేరు పిలిచేదాకా బెంచీ మీద కూచోవాల. నేను పోయి చూస్తే ఆ బెంచీ మీద, తుండుగుడ్డ తలకి చుట్టుకోని, మొగం దించుకోని మా మామ కూచోని ఉండాడు.

మిరప మండీలో ధర చూసొస్తానని ఆయన ఆ పొద్దున ఇంట్లో చెప్పి బయలుదేరినాడు. నేను పోయే బస్సుకి ముందు బస్సులో.

నన్ను చూసినాడు. నేను చూసినాను. కోడలు మామ ముందర కూచోకూడదు, ఆ ఊపిరాడని వరండాలో నిలబడే చోటు లేదు. ఎనక్కి తిరిగి పారిపోదామంటే నడుము తిరగలేదు. ఆయన చప్పున పక్కకి జరిగి, ఎవురో తెలియని మనిషితో మాట్లాడినట్టు అరవంలో, మర్యాదగా, "ఉక్కారుంగమ్మా" అన్నాడు.

ఇంట్లో మేము తెలుగే మాట్లాడేది, బయట అరవం. కానీ మాలో మేము, పెద్దాయన నాతో, అరవంలో మాట్లాడింది అదే మొదలు. ఇంట్లో "ఏమ్మా, నీళ్ళు తే" అనే మనిషి, కూచోండమ్మా అంటా ఉండాడు. నాకు అర్థమైంది. మనం ఒకరికొకరం తెలీదు, సరేనా అని అడుగుతా ఉండాడు. నేను కూచున్నాను. "నన్రి అయ్యా" అని థాంక్స్ చెప్పినాను. సొంత మామని అయ్యా అని పరాయిమనిషిని పిలిచినట్టు పిలిచి, నేల చూసుకుంటా కూచున్నాను.

దేవుడు అంతటితో వదిలినాడా? కసరత్తు నేర్పే పిల్ల వచ్చి, ఇద్దరి కాగితాలూ చూసి, "మీ ఇద్దరికీ ఒకే రకం నొప్పి, ఒకే మాటు నేర్పించేస్తాను, రండి" అనింది. ఇద్దరికీ చెరో చాప వేసింది. బోర్లా పడుకోమనింది. అరచేతులు భుజాల పక్కన ఊని, నడుము కింద భాగం నేలకే వదిలేసి, ఛాతీ మాత్రం మెల్లగా పైకెత్తాల. ఊపిరి బిగబట్టకూడదు. నొప్పి నడుములోకి దగ్గరపడితే మంచిదే, కాలి కిందికి జారితే మాత్రం ఆపేయాల. వెల్లకిలా పడుకోని మోకాళ్ళు ఛాతీ దగ్గిరకి తెచ్చుకునేది ఇంకొకటి. మళ్ళీ గోడకీ వీపుకీ నడాన టెన్నిస్ బంతి పెట్టుకోని, వెన్నెముక మీద కాకుండా దాని పక్కన కండ మీద, మోకాళ్ళు వంచుతా లేస్తా దొర్లించుకోవాల. లేచేటప్పుడు ఊరికే దిగ్గున లేవకూడదు, పక్కకి తిరిగి, మోచెయ్యి ఊని లేవాల. ఇవన్నీ ఆమె చెప్తా ఉంటే నా పక్క చాప మీద మా మామ, పంచె జారకుండా ఒక చేత్తో పట్టుకోని, మొగం గోడవైపు తిప్పుకోని చేస్తా ఉండాడు. ఆ పిల్ల "తాతా, మొగం ఇటు తిప్పండి, ఆ అక్క ఎంత బాగా చేస్తాందో చూడండి" అనింది. ఆయన తిప్పలేదు. "నారాయణా" అన్నాడు.

తిరుగు బస్సు ఒకటే. ఆయన ముందర, నేను ఆడవాళ్ళ సీట్లలో. సాత్తూరులో బస్సు నిలిస్తే కిటికీలో నుంచి దోసకాయలు కొని, కండక్టరు చేత నాకు పంపించినాడు. కండక్టరు "ఆ పెద్దాయన ఇచ్చినాడు" అంటే పక్కనామె నన్ను ఒక మాదిరిగా చూసింది. ఏం చెప్పేది? నేను తినేసినాను.

ఇంటికొచ్చినాక ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. కానీ కసరత్తు దినమూ చెయ్యాల కదా. మాది చిన్న ఇల్లు, ముందర గదిలో ఎప్పుడూ ఎవురో ఒకరు కూచోని ఉంటారు. పెద్దమనిషి అక్కడ బోర్లా పడుకుంటే గుండె ఆగిపోయిందని ఏడుపులు మొదలుపెడతారు. ఆయన ఆలోచించి, గట్టిగా చదునుగా చల్లగా ఉండే నేల కోసరం వీధి చివర పెరుమాళ్ళ గుడికి పోయినాడు. ధ్వజస్తంభం దగ్గిర బోర్లా పడుకున్నాడు. అరచేతులు ఊని ఛాతీ ఎత్తినాడు, దించినాడు, ఎత్తినాడు. అక్కడ ఎవురైనా ఏమడుగుతారు? సాష్టాంగం పెట్టేవాణ్ణి ఎందుకు పడుకున్నావని ఎవురూ అడగరు.

నేను మొదట విని పడీపడీ నవ్వినాను, తరువాత కుళ్ళుకున్నాను. ఆడోళ్ళు సాష్టాంగం పెట్టకూడదు, మోకాళ్ళ మీదే మొక్కాల. ఛాతీ నేలకి ఆనకూడదంట. నాకు ఆ దోవ కూడా లేదు. దినుసుల గదిలో బియ్యం డ్రమ్ము ఎనకాల చాప పరిచి, తలుపు లోపల గడియ వేసుకోని చేసేదాన్ని. ఒకనాడు మా అత్త వచ్చి తలుపు తట్టింది. నేను బోర్లా ఉండాను, లేవలేను, పలకలేను. అప్పుడు బయట మా మామ గొంతు, "తియ్యొద్దు, తియ్యొద్దు! లోపల ఎలక ఉండాది. కోడలు దాన్ని పడతాంది."

అంతే, మా ఇంట్లో ఎలక పుట్టింది. మధ్యాన్నం అయితే చాలు, మా మామ దినుసుల గది ముందర కుర్చీ వేసుకోని పేపరు పట్టుకోని కూచునేవాడు. పిల్లలొస్తే "ఎలక!" అని తరిమేస్తాడు. మా అత్త నిజంగానే బోను తెచ్చింది, దాంట్లో దినమూ మసాల వడ ముక్క పెట్టేది. బోను మాత్రం గది బయటే పెట్టేది. "లోపల పెట్టండి అత్తా" అని నేనెందుకంటాను? ఆ వడ ముక్కని సాయంత్రం మా మామ తినేసేవాడు, ఎలక తినిపోయిందని చెప్పేవాడు. ఆ నవ్వు దాచుకోలేక నేను వంటింట్లోకి పరిగెత్తేదాన్ని.

నడుములు రెండూ మెల్లగా కుదుటపడినాయి. కుదుటపడకపోయినా బాగుండేదేమో, ఎందుకంటే అసలు తంటా అక్కడ మొదలైంది. ఎండైనా వానైనా మా మామ ధ్వజస్తంభం ముందర పడుకునేది ఊరంతా చూసినారు. ముసలోళ్ళు వచ్చి ఆయన పక్కన నిలబడి దండం పెడతా ఉండారు. ఒకామె తన మనవడి పరీక్ష కోసరం ఆయన చేత విబూది పెట్టించుకుందామని వచ్చి, నామం మనిషి అని గుర్తొచ్చి తులసి తీసుకోని పోయింది. ఆ ఏడాది ఉత్సవానికి గుడి పెద్దలు ఇంటికొచ్చి, మొదటి పరివట్టం మీకే అన్నారు. సామి మీది పట్టుగుడ్డని తలకి చుట్టే మర్యాద అది. పెద్ద పెద్దోళ్ళు దానికోసరం పోట్లాడుకుంటారు. మా మామ మొగం చూసినాను. బెంచీ మీద నన్ను చూసిననాటి మొగమే.

మరుసటి వారం, ఎప్పటి మాదిరి ఆస్పత్రికి పోయే విరుదునగర్ బస్సులో ఆయనే నా ఎనక సీటులోకి వచ్చి కూచున్నాడు. మొదటిసారి బయట తెలుగులో మాట్లాడినాడు.

"నాకి రొంబ వెక్కంగా, సిగ్గుగా ఉండాదమ్మా. సామి ముందర ఇన్ని దినాలూ పడుకుంటిని కదా, ఒక దినమైనా సామిని తలుచుకున్నానా? ఊపిరి బిగబట్టానా లేదా, నొప్పి కాలికి జారిందా లేదా, ఇదే నా ద్యాస. దానికి పరివట్టమా?"

"అయితే నిజం చెప్పేయండి మామా" అన్నాను.

"చెప్పొచ్చు. ఊరి ముందర చెప్తా. మీ అత్త ముందర ఎట్ల చెప్పేది? ఆమె నడుము ఇనుమని ఇన్నేళ్ళు చెప్పి, నాది తుప్పు పట్టిందని చెప్పాల్నా?"

మా అత్తంటే నాకూ అదే వెక్కం కదా.

ఉత్సవం నాడు చెప్పినాడు. పూజారి పట్టుగుడ్డ విప్పి తల మీదికి తెస్తా ఉంటే చెయ్యి అడ్డం పెట్టి, అందరికీ వినపడేటట్టు, "సామీ, ఆగు. నాది బక్తి కాదు. నాకి నడుము నొప్పి. దానికే పడుకుంటా ఉంటిని" అన్నాడు. గుడి పెద్ద నవ్వినాడు. "చూసినారా అణకువ! ఎంత పెద్ద మనసు!" అన్నాడు. జనమంతా గోవిందలు కొట్టినారు. పూజారి ఆ చేతిని మెల్లగా పక్కకి తీసి పరివట్టం కట్టేసినాడు. నిజం చెప్పిన నోరు నిజం చెప్పినట్టే ఉండిపోయింది, వినేవాళ్ళు లేరు. ఆయన తల వంచుకున్నాడు, కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఎవురో అప్పుడే ఫోటో తీసినారు. అదే ఇప్పుడు మా ముందరగదిలో పటం.

ఆ దినం నుంచి ఆయన గుళ్ళో పడుకోలేదు. దూరంగా నిలబడి చేతులు జోడించి వచ్చేసేవాడు. "తెలియక పడుకున్నోళ్ళని సామి మన్నిస్తాడు, పరివట్టం కట్టుకోని పడుకుంటే అది మోసం" అన్నాడు. ఊరోళ్ళు ఏమన్నారో తెలుసా? ఇప్పుడు ఆయనకి పడుకునే అవసరం కూడా లేదు, అంత పైకి పోయినాడు అన్నారు. నొప్పి మళ్ళా వచ్చింది. కుర్చీలో గోవిందలు ఎక్కువైనాయి. నేను చూడలేక ఒకనాడు, "మామా, గదిలో మీరు చేయండి. ఎలకని నేను చూసుకుంటా" అన్నాను. కోడలి చాప మీద పడుకునేదానికి మొదట ఒప్పుకోలేదు. తరువాత ఒప్పుకున్నాడు. ఆయన లోపల, నేను గడప ముందర మిరపకాయల తొడిమలు తుంచుతా కావలి. నేను చేసేటప్పుడు ఆయన కావలి. మా అత్త ఆ దోవన పోతా, ఒక్కోసారి ఆగి వాకిలి కొయ్యకి ఆనుకోని, "ఎలక చిక్కిందా?" అని అడిగేది. "ఇంకా లేదత్తా" అనేదాన్ని.

ఆయన చివరిదాకా ఆ గదిలో చేసినాడు. పోయింది గుండెతో, నిద్దరలో. నడుముతో కాదు.

మొన్న ఆయన సంవత్సరీకం. రెండు దినాలు వంటలు, వంగడాలు, ఆకులెత్తడాలు. వచ్చినోళ్ళంతా ఆ పటం ముందర నిలబడి, తల దించుకున్న ఆ అణకువని చెప్పుకుంటా తిన్నారు. నేను పాయసం వడ్డిస్తా విన్నాను. వాళ్ళంతా పోయినాక నా నడుము ఇంక నావల్ల కాదనింది. దినుసుల గదిదాకా కూడా పోలేకపోయినాను. ముందరగదిలోనే, పటం కింద, ఉన్నచోటనే బోర్లా పడుకున్నాను. అరచేతులు ఊని ఛాతీ ఎత్తినాను. దించినాను. ఎవురో వచ్చిన చప్పుడు. మా అత్త.

పట్టుబడినాననుకున్నాను. దండం పెడతా ఉండానని చెప్పేద్దామని నోట్లోకి వచ్చేసింది. అబద్దం అంత సులబంగా వచ్చింది, మా మామ పటం కిందనే. దిగ్గున లేవబోయినాను.

"అట్ల లేవద్దు" అనింది అత్త. "పక్కకి తిరిగి, మోచెయ్యి ఊని లే. మీ మామకి అట్ల కదా నేర్పించినారు."

నేను సగం తిరిగి అట్లే ఉండిపోయినాను.

"మీకు తెలుసా అత్తా?"

"గుళ్ళో ఆయన పక్కన నేనే కదా నిలబడుకోని ఉంటిని. సామిని చూసే మొగం నాకి తెలీదా, నొప్పిని చూసే మొగం తెలీదా?" అనింది. "ఎలకంట, ఎలక. బోను లోపల పెట్టి ఉంటే నీ కాలివేలు తెగి ఉండును. ముసలోడికి వడ ఇష్టమని దినమూ పెడితిని."

కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉండి ఉంటే నాకు బాగుండేది. రెండు దినాల పని ఆమె కూడా చేసింది, నాకంటే ముందు లేచి. నడుముకి పాత తుండుగుడ్డ గట్టిగా బిగించి కట్టుకోని ఉండాది. ఎప్పుడూ కట్టుకుంటుంది. పని చేసే మనిషి అట్ల కట్టుకుంటుందనే నేను అనుకున్నాను. వంటింటి వాకిలి దగ్గిరకి పోయి కొయ్యకి ఆనుకునింది. మోకాళ్ళు కొంచెం వంచింది, లేచింది, వంచింది. వెన్నెముక మీద కాదు, దాని పక్కన కండ మీద. ఎవురూ నేర్పలేదు ఆమెకి. కొయ్యకి పెయింటు పోయిన చోటు, ఆమె నడుము, రెండూ ఒకే ఎత్తు. ఇన్నేళ్ళు పెయింటర్ని తిట్టిన నోరు నాది.

"మీరు ఇద్దరూ విరుదునగరుకి పోతా ఉంటిరి" అనింది అత్త, కొయ్యకి రాసుకుంటానే. "నన్ను ఒకరైనా రమ్మంటిరా?"

జవాబు కోసరం నిలబడలేదు. పొయ్యి మీద పాలు ఉండాయని లోపలికి పోయింది. నేను నేల మీదనే ఉండాను. పైన పటంలో మా మామ పరివట్టంతో తల దించుకోని ఉండాడు. నేనూ దించుకున్నాను.